పట్టిసం ఇసుకలో మూడు రోజుల విడిది

నన్ను భద్రాచలం కచేరీకి మారుస్తూ ఉత్తర్వు వచ్చిన రోజున మా ఇంట్లో అందరూ మాట్లాడారు, ఇద్దరు తప్ప. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను, రెండో మనిషి నా భార్య. క్రిందటి వైశాఖం నాటి మాట ఇది. గోదావరి మీద రైలు వంతెనకు స్తంభాలు లేస్తున్నాయి, రాజమండ్రి అంతా ఆ కబుర్లే. మా ఇంట్లో మాత్రం మన్యం జ్వరాల కబుర్లు. "వాడికి వెళ్ళక తప్పదు. కోడల్ని మాత్రం పోలవరంలో వాళ్ళన్నగారింట దింపి వెళ్ళమను" అని మా అమ్మ తీర్మానించింది. నేను పక్క గదిలోనే ఉన్నాను. అయినా ఆ మాట నాతో కాక మా మేనత్తతో అంది. మా ఇంట్లో ఏ మాటైనా మధ్యలో ఒక మనిషిని పట్టుకునే వస్తుంది.

ఇది కాస్త చెప్పాలి, లేకపోతే మేము పట్టిసంలో ఎందుకు ఆగామో మీకు బోధపడదు. అప్పటికి మాకు పెళ్ళయి పన్నెండేళ్ళు, ఆవిడ కాపురానికి వచ్చి ఏడేళ్ళు. పిల్లలు లేరు. పెద్దవాళ్ళ ఎదుట మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవడం మా ఇంట్లో తప్పు, ఇల్లేమో నిండా పెద్దవాళ్ళు. గదికీ గదికీ మధ్య ఉన్నది తడిక. నాకు మజ్జిగ కావాలేమో తెలుసుకోవాలంటే ఆవిడ మా తమ్ముడి కూతురితో అడిగిస్తుంది. ఆ పిల్ల నిద్రపోతే పిల్లిని ఉద్దేశించి అంటుంది. నా ఉత్తరీయం ఎక్కడుందని నేను గుంజను అడుగుతాను. కొత్తలో నవ్వు వచ్చేది. ఏడేళ్ళు అలా గడిచాక ఎదురుగా నిలబడి ఒక మాట అడగాలంటే నోరు రాదు.

ఆవిణ్ణి నాతో తీసుకువెళ్ళాలని నాకు ఉంది. కొత్త ఊళ్ళో మేమిద్దరమే ఉంటాం గదా అన్న ఆశ ఉత్తర్వు చేతికి రాగానే పుట్టింది. "వస్తుందేమో అడిగి చూడమ్మా" అని అమ్మతో నీళ్ళు నములుతూ అన్నాను. మరునాడు జవాబు వచ్చింది. ఆ అడవుల్లో ఉండలేనందట. ఆశ అక్కడితో పోవాలి, పోలేదు. వస్తానన్నా రానన్నా ఆ మాట ఒక్కసారి ఆవిడ నోటి నుంచే వినాలనిపించింది. అందుకు మూడో మనిషి లేని చోటు కావాలి. పట్టిసం నుంచి పోలవరానికి బండి మీద రెండు గంటల దారి. అయినా ఎండల్లో బండ్లు దొరకవనీ, పట్టిసంలో ఆగి మంగళవారం ఎగువకు పోయే పై పడవలో వస్తామనీ మా అమ్మకు చెప్పాను, పోలవరానికి ఉత్తరం రాశాను. కచేరీలో అబద్ధాలు రాయడం నాకు కొత్త కాదు గాని, నా కోసం రాసుకోవడం అదే మొదలు.

శనివారం తెల్లవారుజామున నాలుగు గంటలకు కోటిలింగాల రేవులో పడవ ఎక్కాం. మనిషికి మూడణాలు, పెట్టెకు అణా. వేసవిలో ఈ దారిన వెళ్ళేవాళ్ళు చీకటితోనే రేవుకు చేరాలి, ఆలస్యమైతే నీడ పడే వైపు చోటు దొరకదు. మధ్యాహ్నం దాకా గాలి ఉండదు కనుక నలుగురు మనుషులు తాడు కట్టుకుని గట్టు వెంట పడవను లాగుతారు. తాళ్ళపూడి దగ్గర ఆపి వాళ్ళు గంజి తాగారు, మేము తెచ్చుకున్న చిత్రాన్నం తిన్నాం. మూడు దాటాక పైరగాలి మొదలైంది, తెరచాప ఎత్తారు, ఆ తరువాత పడవ తనంతట తనే నడిచింది. పడవలో ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు కూర్చుంటారు. రోజంతా మా ఆవిడ వీపు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ మాత్రం పక్కనున్న ఎవరో ముసలమ్మతో కబుర్లు చెబుతూ రెండుసార్లు నవ్వింది. ఆ నవ్వు నేను మా ఇంట్లో వినలేదు.

ఎడారి అన్నది భూగోళం పుస్తకంలో చదువుకున్న మాట. వైశాఖంలో పట్టిసం రేవున దిగితే దాని అర్థం కాళ్ళకు తెలుస్తుంది. ఏరు అవతలి ఒడ్డుకు ఒదిగిపోతుంది. ఇవతల కంటికి ఆనినంత దూరం ఇసుకే. గాలి వీచినప్పుడల్లా పైపొర కదిలిపోతూ ఉంటుంది. మధ్యలో వీరభద్రస్వామి కొండ, దాని మీద గుడి. వానాకాలంలో పడవ మీద వెళ్ళవలసిన ఆ కొండకు వేసవిలో నడిచిపోవచ్చు. శివరాత్రి తీర్థానికి వేసిన తాటాకు పాకలు కొన్ని పీకకుండా ఉంచుతారు, గాలి మార్పు కోసం రాజమండ్రి నుంచి వచ్చేవాళ్ళు వాటిలో దిగుతారు. పాకకు రోజుకు అణా. పూటకూళ్ళు నడిపేది కామమ్మగారనే అరవై ఏళ్ళ ఆవిడ, పూటకు మనిషికి రెండణాలు. భోజనంలో ఇసుక పడుతుంది, దానికి వేరే ఏమీ పుచ్చుకోరు.

కామమ్మగారు దీపం పట్టుకుని ఎదురొచ్చారు. "దంపతులే గదా, పాక ఒకటి చాలా బాబూ?" అని అడిగారు. నేను గొంతు సవరించుకునేలోపు మా ఆవిడ, "ఒకటి చాలంటారేమో కనుక్కోండి పిన్నిగారూ" అంది. కామమ్మగారు నా వైపు తిరిగారు. "చాలని చెప్పండి" అన్నాను. ఆవిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఇద్దరూ ఇక్కడే ఉన్నారు గదా, నేనెవరికి చెప్పాలి?" అన్నారు. మూడో మనిషి లేని చోటు వెతుక్కుంటూ వెళ్ళి, దిగిన గడియలోనే మూడో మనిషిని సంపాదించుకున్నాం.

ఆదివారం పొద్దున్నే కొండకు వెళ్ళాం. ఆరు గంటలకు బయలుదేరి ఎనిమిది లోపల తిరిగి రావాలి, తొమ్మిది దాటితే ఆ ఇసుక మీద కాలు పెట్టలేరు. అలవాటు ప్రకారం నేను ముందు, ఆవిడ వెనుక. మెల్లగా నడిస్తే కలుస్తుందని నేను మెల్లగా నడిచాను. కలవకూడదు గనుక ఆవిడ ఇంకా మెల్లగా నడిచింది. ఆ లెక్కన కొండ ఎక్కేసరికి అరగంట ఎక్కువ పట్టింది. గుడిలో పూజారిగారు హారతి పట్టుకుని, "ఆ కింద వస్తున్నది మీ వాళ్ళేనా అండి, ఆగమంటారా?" అని అడిగారు. ఆగమన్నాను. పైనుంచి చూస్తే ఎగువన కొండలు నీలంగా, దిగువన ఇసుక తెల్లగా, మధ్యలో మెట్ల మీద పసుపు చీర కట్టుకుని ఒక్కత్తే వస్తున్న మా ఆవిడ. ఈవిడకు ఏమిష్టమో, దేనికి భయపడుతుందో నాకేమీ తెలియదని అక్కడ నిలబడే అనుకున్నాను. ఏడేళ్ళు ఒక ఇంట్లో తిన్నాం, ఆ సంగతి అంతవరకూ తోచనందుకు సిగ్గేసింది.

మధ్యాహ్నమంతా వడగాలి. పాకకు తడిగుడ్డలు కట్టి లోపల కూర్చున్నాం. ఇంకేం, అడగవచ్చు. ఎదురుగా మనిషి ఉంది, వినేవాళ్ళు లేరు. 'వస్తావా' అన్న మూడక్షరాల మాట. మనసులో పది రకాలుగా అనుకున్నాను. ఆవిడ గోడ వైపు తిరిగి వత్తులు చేసుకుంటోంది. చివరకు నేను అన్నది, "ఎండ బాగా ఉంది" అని. పాక కప్పును చూస్తూ అన్నాను. ఆవిడ ఊఁ కొట్టింది. సాయంత్రం భోజనాల దగ్గర మళ్ళీ కామమ్మగారు ఉన్నారు గనుక ఉప్పు, మజ్జిగ, విసనకర్ర విషయాలు సాఫీగా సాగాయి. రేపు ఒక్కరోజు ఉంది గదా అని సర్దిచెప్పుకున్నాను.

సోమవారం లేచి చూస్తే కామమ్మగారు పలకడం లేదు. పక్క పాకలో దిగిన షావుకారు చెప్పాడు: "సోమవారాలు ఆవిడకి మౌనమండి. పొద్దు గుంకేదాకా నోరు తెరవరు. చెవులు బానే వినపడతాయి లెండి." ఇక మా మాటలు మోసేవాళ్ళు లేరు. పొద్దున్న మా ఇద్దరి మధ్య ఒక్క మాట నడవలేదు. నాకు వడ్డించిన పులుసులో ఉప్పు లేదు, అలాగే తిన్నాను. మా ఆవిడ కాస్త దూరంలో ఇసుకలో చెలమ తవ్వుకుని, ఊరిన నీళ్ళు తేటపడేదాకా కూర్చుని బిందె నింపుకుంది. బిందె ఎత్తుకోలేక ఒక క్షణం అటూ ఇటూ చూసింది. నేను లేచేలోపే ఎలాగో ఎత్తుకుంది.

పదకొండు గంటల వేళ పందిరి కింద కామమ్మగారు దోసకాయలు ముందేసుకుని కూర్చున్నారు. మా ఆవిడ కత్తిపీట దగ్గర కూర్చుంది. నేను స్తంభానికి ఆనుకుని పంచాంగం చూస్తున్నాను, చదవడం లేదు. ఉన్నట్టుండి మా ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టింది.

"పోలవరంలో మా అన్నయ్యగారి దొడ్డి పెద్దదండి పిన్నిగారూ. పాదులు పెట్టుకోవచ్చు. ఏదో ఒకటి చేసుకుంటూ ఉంటే రోజు గడుస్తుంది." దోసకాయ ముక్కలు పళ్ళెంలో పడుతున్నాయి. "ఆయనకి అక్కడ నేను బరువట. ఒక్కడినైతే ఎక్కడైనా తల దాచుకుంటాను, ఆడమనిషి ఉంటే కష్టం అన్నారట. అత్తయ్యగారు చెప్పారు. నిజమే గదండి మరి."

కామమ్మగారు తలెత్తి నన్ను చూశారు. నా చేతిలో పంచాంగం తలకిందులుగా ఉందని అప్పుడు గమనించాను.

"కామమ్మగారండీ, ఆ మాట నేను అనలేదండి" అన్నాను. "వస్తుందేమో అడగమని మా అమ్మతో చెప్పాను. అడవుల్లో ఉండలేనని ఆవిడే అందని అమ్మ చెప్పింది."

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "నన్నెవరూ అడగలేదండి పిన్నిగారూ" అంది మా ఆవిడ. కామమ్మగారి చీర అంచుకేసే చూస్తోంది. "అడిగితే రానంటానా?"

కామమ్మగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నన్ను చూపించి ఆవిణ్ణి, ఆవిణ్ణి చూపించి నన్ను వేలితో పొడిచినంత పని చేశారు. మేము కదలకపోవడం చూసి, మీ గొడవ మీరు పడండి అన్నట్టు చేతులు దులుపుకుని లేవబోయారు. మా ఆవిడ గబుక్కున కామమ్మగారి కొంగు పట్టుకుంది. "మీరు వెళ్ళకండి పిన్నిగారూ." నేను కూడా అన్నాను, "కూర్చోండి, మీ పుణ్యం ఉంటుంది." నవ్వండి, ఫరవాలేదు. ఆవిడ లేచి వెళ్ళిపోతే దొరికిన మాట ఆగిపోతుందని ఇద్దరికీ ఒకే భయం. పాపం, ఆ ముసలావిడ కూర్చున్నారు.

"అక్కడ జ్వరాలు వస్తాయండి" అన్నాను. "నేను కచేరీ నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. తోడుకి ఎవరూ ఉండరు. అది కూడా చెప్పాలి గదండి."

"ఇప్పుడున్నారాండి తోడు?" అంది మా ఆవిడ. ఇంటి నిండా పదిమంది ఉన్న మనిషి అడిగిన మాట అది. నా సంగతీ అదే.

"అయితే రేపు వాళ్ళన్నగారితో నేనే చెబుతానండి, నాతో వస్తుందని."

"రేవులో పెట్టె దింపకముందే చెప్పమనండి" అంది. చెప్పి కత్తిపీట పక్కకు జరిపి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చింది. కామమ్మగారు ఆవిడ వీపు నిమిరారు. నిమరవలసినవాణ్ణి నేను, పంచాంగం సరిగ్గా తిప్పి పట్టుకుని కూర్చున్నాను.

పొద్దు గుంకాక కామమ్మగారు కొండ వైపు దణ్ణం పెట్టుకుని నోరు విప్పారు. "పొద్దున్నించీ మీ కాపురం నా నెత్తిన పెట్టారు గదయ్యా. నాకు వంట ఉంది. అలా ఇసుకలోకి పోయి చెప్పుకోండి" అని గరిటె చూపించి తరిమారు. వెళ్ళాం. చల్లబడిన ఇసుక అది, పడుకుంటే లేవబుద్ధి కాదు. పక్కపక్కన నడిచాం. ఆవిడకు కాకరకాయ గిట్టదట. మా అమ్మ చెప్పగా విని, ఇష్టం గదా అని ఏడేళ్ళుగా వారం వారం తెస్తున్నాను. నాకోసం తెచ్చుకుంటున్నానని ఆవిడ వండుతోంది. ఇద్దరం ఆగి నవ్వుకున్నాం. అప్పుడు నా మొహం చూసి, "భద్రాచలంలో కూడా గోదావరి ఇంత వెడల్పు ఉంటుందా అండి?" అంది. మధ్యలో ఎవరూ లేకుండా ఆవిడ నన్ను అడిగిన మొదటి మాట అది. "నేనూ చూడలేదు. చూద్దాం" అన్నాను. ఇద్దరినీ కలిపి ఒక మాట అన్నందుకు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

మంగళవారం ఎనిమిది గంటలకు పై పడవ వచ్చింది. ఎగువ నుంచి తెచ్చిన చింతపండు దింపి ఖాళీగా తిరిగి వెళ్ళే చిన్న పడవ, భద్రాచలం దాకా ఇద్దరికీ కలిపి రూపాయిన్నర అడిగాడు పడవ నడిపే సరంగు. ఇద్దరికీ ఇచ్చాను. పోలవరం చేరడానికి రెండున్నర గంటలు పట్టింది. దారంతా అనవలసిన మాటలు లోలోపల వల్లె వేసుకున్నాను. మా ఆవిడ పడవ మధ్యన చాపలు కప్పిన గూటిలో పెట్టె పక్కన కూర్చుని ఉంది. పడవ మలుపు తిరుగుతుంటే ఒకసారి నా వైపు చూసి తల ఊపింది.

రేవులో వాళ్ళన్నగారు బండి కట్టించుకుని నిలబడి ఉన్నారు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, ఆ ఊళ్ళో నలుగురికీ మాట చెప్పగల మనిషి. నేను పడవకు ఆనించిన పలక మీదుగా దిగుతూనే రెండు చేతులూ పట్టుకున్నారు.

"రండి బావగారూ. మీ అమ్మగారి ఉత్తరం అందిందండి. పెరటి గదికి సున్నం వేయించి ఉంచాను. జ్వరాల ఊరికి తీసుకుపోతారేమోనని మా ఇంట్లో అందరూ బెంగపడ్డారండి. మా పిల్లని మా దగ్గర ఉంచడానికి ఒప్పుకున్నారు, అదే పదివేలు. పెట్టె దింపించమంటారా?"

"అలాగేనండి" అన్నాను.

పెద్దవాళ్ళు ఏదైనా అడిగితే నా నోట మొదట వచ్చే మాట అది. వెనకాలే రెండో మాట వస్తుందనుకున్నాను. మనిషి ఒకడు పడవలోకి వెళ్ళి పెట్టె నెత్తిన పెట్టుకున్నాడు. ఆవిడ గూడు అంచున నిలబడి నన్నే చూస్తోంది. అన్నగారి ఎదుట ఆవిడతో మాట్లాడలేను, ఆవిడ ఎదుట అన్నగారికి కాదని చెప్పలేను. ఎవరితో అనాలా అని చుట్టూ చూశాను. సరంగు తాడు విప్పుతున్నాడు. పెట్టె బండి ఎక్కింది. ఆవిడ కుచ్చెళ్ళు పట్టుకుని పలక దిగి, నా పక్కనుంచే నడిచి అన్నగారి వెనక్కి వెళ్ళి నిలబడింది.

"జాగ్రత్తగా వెళ్ళి రమ్మని చెప్పన్నయ్యా" అంది.

"జాగ్రత్తగా వెళ్ళి రమ్మంటోంది బావగారూ" అన్నారాయన.

"సరేనని చెప్పండి" అన్నాను.

పోలవరం దాటాక దారి చాలా అందంగా ఉంటుందని అందరూ రాస్తారు, నిజమే. పాపికొండల మధ్య ఏరు సన్నబడి, రెండు వైపులా అడవి మీదికి ఒరిగినట్టు ఉంటుంది. నాలుగు రోజుల ప్రయాణం. సరంగు మంచివాడు, "ఇద్దరి డబ్బులు పుచ్చుకున్నానండి, సగం ఇచ్చేస్తాను" అన్నాడు. వద్దన్నాను. గూటిలో ఆవిడ కూర్చున్న చోట చాప కాస్త నలిగి ఉంది, అక్కడ నేను కూర్చోలేదు.

ఏడాది అయింది. నాకు జ్వరం రెండుసార్లు వచ్చి తగ్గింది. పంపమని పోలవరానికి మూడు ఉత్తరాలు రాశాను. ఆవిడకు చదువు రాదు, ఉత్తరం వాళ్ళన్నగారే చదివి వినిపించాలి. అందుకని నేను రాసేది కూడా ఆయన చదవదగినట్టే ఉంటుంది. వానలు వెళ్ళనివ్వమని ఒకసారి, చలి తగ్గనివ్వమని ఒకసారి జవాబు వచ్చింది. ఆఖరి దానిలో "చెల్లెలు కులాసా, మిమ్మల్ని అడిగినట్టు చెప్పమంది" అని ఉంది. నిజంగా ఏమని అడిగిందో నాకు తెలియదు. సెలవుకు అర్జీ పెట్టాను, ఇంకా ఏమీ తేలలేదు. మా కాపురం ఏడేళ్ళని లోకం లెక్క. నా మటుకు నాకు సోమవారం పొద్దు గుంకిన దగ్గర్నుంచి అన్నం పిలుపు వచ్చేదాకా, ఆ ఇసుకలో గడిపినంతసేపే.

ఈ దారిన ఇంట్లోవాళ్ళతో ప్రయాణం పెట్టుకునేవారికి ఒక్క సలహా. పట్టిసంలో పాకలు బాగుంటాయి, మాఘం నుంచి వైశాఖం దాకా ఎప్పుడైనా వెళ్ళండి, ఇసుకలో నడవడానికి పాత చెప్పులు తీసుకెళ్ళండి. పోలవరం రేవులో మాత్రం పడవ ఎక్కువసేపు నిలవదు, సామాను దించేదాకానే. అక్కడ చెప్పవలసిన మాట ఏదైనా ఉంటే, పడవ ఒడ్డుకు తగలక ముందే పైకి అనడం మొదలుపెట్టండి.